అర్థం తెలియని చూచిరాత

మా పాప తెలుగు నోటుబుక్కులో నేను చెరిపేసిన పేజీ ఒకటుంది. చెరిపేసిన అనడం కూడా తప్పే. క్రేయాన్ కదా, రబ్బరు పెట్టి ఎంత రుద్దినా పోలేదు, కాగితం మాత్రం బొచ్చు లేచింది. ఆ పేజీ నిండా 'ఠ' దిద్దాలి. మొదటి వరస బుద్ధిగానే దిద్దింది. రెండో వరసకి వచ్చేసరికి గుండ్రంలో పసుపు పూసి, నడిమి చుక్కకి ఎరుపు పెట్టి, చుట్టూ గీతలు గీసి, వరసగా పన్నెండుమంది సూర్యుళ్లని తయారుచేసి పెట్టింది. ఇప్పుడైతే ద్వాదశాదిత్యులే అని నవ్వుకునేదాన్ని. ఆ రోజు మాత్రం "ఇది అక్షరం, బొమ్మ కాదు" అని గట్టిగానే కసిరాను. దానికప్పుడు ఆరేళ్లు. 2021, దసరా అయిపోయిన వారం.

ఈ పోస్టు ఎటెల్ అద్నాన్ అనే చిత్రకారిణి గురించి. ఆ పేజీ సంగతి దాచిపెట్టి ఆమె గురించి రాయడం నాకు చేతకాలేదు, అందుకే ముందు చెప్పేశాను.

మేముండేది కాలిఫోర్నియాలో సాన్ రఫెల్ అనే ఊళ్లో. బే ఏరియా, అంటే సాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఊళ్లు, అనగానే తెలుగువాళ్లు తగలని వీధి ఉండదనుకుంటారు మనవాళ్లు. అది ఫ్రీమాంట్ సంగతి. ఇటువైపు కరివేపాకు కావాలన్నా నీళ్లు దాటాలి, పాప తెలుగు క్లాసుకీ నీళ్లు దాటాలి. ప్రతి ఆదివారం రిచ్‌మండ్ వంతెన మీద వెళ్లి రావడమే. ఆ వంతెన రెండంతస్తులది. వెళ్లేటప్పుడు కింది అంతస్తు. నెత్తిన ఇనుము, పక్కన ఇనుము, ఏమీ కనబడదు. తిరిగొచ్చేటప్పుడు పై అంతస్తు. టోల్ దాటి వంతెన ఎక్కామంటే ఆకాశం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ఎడమ చేతి పక్క సాన్ క్వెంటిన్ జైలు, ఎదురుగా టామల్‌పయస్ కొండ. ఇక్కడివాళ్లు ముద్దుగా మౌంట్ టామ్ అంటారు. ఎత్తు 784 మీటర్లే, హిమాలయం ముందు పెడితే పుట్ట. కానీ సముద్రం పక్కనుంచే లేస్తుంది కాబట్టి చూసేవాళ్లకి చాలా పెద్దదిగా అనిపిస్తుంది. పొద్దున నీలం, మధ్యాహ్నం పచ్చ, సాయంత్రం ఊదా. పొగమంచు వచ్చినరోజు కొండే ఉండదు.

ఆ ఏడాది డిసెంబరులో న్యూజెర్సీలో తమ్ముడి ఇంటికి వెళ్లాం. మరదలు కాండిన్స్కీ అనే రష్యా చిత్రకారుడి బొమ్మలు చూద్దామని న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియానికి టిక్కెట్లు తీసింది. ఆ భవనం లోపల నత్తగుల్లలా మెలికలు తిరిగే దారి ఉంటుంది, నడుస్తూ పైకి పోవాలి. కాండిన్స్కీ పై చుట్లలో ఉన్నాడు. కింది చుట్లలో ఎవరివో చిన్న చిన్న బొమ్మలు. మేం వాటిని దాటేసి పోబోతున్నాం. మాస్కులోంచి పాప గొంతు: "అమ్మా, మన కొండ!"

నిజంగానే మన కొండ. గులాబీ రంగు ఆకాశం, ముదురు పచ్చ మూపు, ఒక పక్క పసుపు ముద్ద. నోటుబుక్కు కన్నా కాస్త పెద్ద గుడ్డ, అంతే. చెట్టు లేదు, దారి లేదు, నీడ లేదు. నాలుగైదు రంగుల పట్టీలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. అయినా ఆ వాలు వంతెన మీంచి ప్రతి ఆదివారం మాకు కనబడే వాలే. గోడ మీద పేరు చదివాను. ఎటెల్ అద్నాన్. పుట్టిన ఏడు పక్కన పోయిన ఏడు ఇంకా చేర్చలేదు. ఫోనులో వెతికితే తెలిసింది, సరిగ్గా నెల క్రితం, నవంబరు 14న, పారిస్‌లో పోయిందట. తొంభై ఆరేళ్లు.

కాండిన్స్కీ దగ్గరికి ఆ రోజు నేను సగం మనసుతోనే వెళ్లాను. మరదలికి ఇప్పటికీ ఆ కోపం ఉంది.

అద్నాన్ 1925లో లెబనాన్ రాజధాని బేరూత్‌లో పుట్టింది. అమ్మ స్మిర్నా (ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్) ఊరి గ్రీకు క్రైస్తవురాలు. నాన్న డమాస్కస్ ముస్లిం, ఒట్టోమన్ సైన్యంలో పెద్ద అధికారి, తర్వాత టర్కీ దేశాన్ని స్థాపించిన ముస్తఫా కెమాల్‌తో కలిసి సైనిక పాఠశాలలో చదువుకున్నవాడు. మొదటి ప్రపంచయుద్ధంతో ఆ సైన్యం పోయింది. 1922లో స్మిర్నా తగలబడింది. కొలువు పోయిన నాన్న, ఊరు పోయిన అమ్మ బేరూత్ చేరారు. అమ్మ బిడ్డతో గ్రీకు మాట్లాడేది. అమ్మానాన్నలు ఒకరితో ఒకరు టర్కిష్. వీధిలో అరబ్బీ. బళ్లో ఫ్రెంచి. ఆ బడి నడిపేది క్రైస్తవ సన్యాసినులు, అక్కడ అరబ్బీ మాట్లాడిన పిల్లలకి శిక్ష.

ఇది చదివినప్పుడు ఫోను పక్కన పెట్టేశాను. మాది ఆదోని. ఇంట్లో తెలుగు, మా సందులో ఉర్దూ, సిరుగుప్ప నుంచి అవ్వ వస్తే కన్నడం. పత్తి మార్కెట్టులో ఈ మూడూ ఒకే వాక్యంలో వినబడతాయి. నేను చదివిన ఇంగ్లీషు మీడియం బళ్లో తెలుగు మాట దొర్లితే రూపాయి ఫైను. ఒక వారం నేను ఏడు రూపాయలు కట్టాను. అందులో మూడు "అబ్బా" అన్నందుకు, కాలికి బెంచీ తగిలి. అయితే ఈ పోలికని ఎక్కువ దూరం లాగను. మా ఊరు తగలబడలేదు, మా నాన్న కొలువు పోలేదు.

నన్ను పట్టుకున్నది అసలు ఈ తర్వాతి ముక్క. బిడ్డకి అరబ్బీ రావడం లేదని తండ్రికి దిగులు పట్టుకుంది. అరబ్బీ వ్యాకరణ పుస్తకం ఒకటి ముందు పెట్టి, పాఠాలు చూసి రాయమనేవాడట. వివరించడాల్లేవు, ఉత్త చూచిరాత. ఆ పిల్ల గంటల తరబడి పేజీలకు పేజీలు నింపింది. ఏం రాస్తోందో దానికి తెలియదు. కానీ ఆ పని తనకి భలే ఇష్టంగా ఉండేదని పెద్దయ్యాక రాసుకుంది. అర్థం లేకపోతే అక్షరంలో మిగిలేది వంపే కదా. వంపూ, చుక్కా, సిరా.

తెలుగులో 'దిద్దడం' అనే మాట మీద నాకు ఎప్పటినుంచో మోజు. అక్షరం దిద్దుతాం, బొట్టు దిద్దుతాం, తప్పు దిద్దుతాం. ఒకే క్రియ. నేను పాప నోటుబుక్కు దగ్గర ఈ మూడిట్లో ఆఖరిది ఒక్కటే పట్టుకుని కూర్చున్నాను.

అద్నాన్ చిన్నప్పుడు బొమ్మలు వేయలేదు. ఇరవై నాలుగేళ్లకి పారిస్ వెళ్లి సోర్బాన్‌లో తత్వశాస్త్రం చదివింది. 1955లో అమెరికా వచ్చి బర్క్‌లీ, హార్వర్డ్ చూసింది. 1958లో పాఠాలు చెప్పడానికి చేరిన కాలేజీ ఎక్కడనుకున్నారు? మా సాన్ రఫెల్‌లో. డొమినికన్ కాలేజీ, ఇప్పుడు యూనివర్సిటీ అయింది. మా ఇంటి నుంచి కారులో ఏడు నిమిషాలు. పాపని పార్కుకి తీసుకెళ్లేటప్పుడు ఎన్నో ఏళ్లుగా ఆ గేటు ముందు నుంచే పోతున్నాను, తెలియదు. అక్కడ ఆమె చెప్పింది కళా తత్వశాస్త్రం. చిత్రకళ విభాగం చూసే ఆన్ ఓహాన్లన్ అనే ఆవిడ ఒకరోజు అడిగిందట, బొమ్మలు వేయకుండా బొమ్మల తత్వం ఎలా చెబుతావు అని. నా చేతులు మొద్దువని మా అమ్మ అనేది, అందుకే వేయలేదు అంది అద్నాన్. నువ్వది నమ్మేశావా అని ఆవిడ తిరిగి అడిగింది. రంగు ముక్కలు, చిన్న చిన్న కాగితాలు చేతిలో పెట్టింది. అంతే. ముప్పై నాలుగు, ముప్పై అయిదేళ్ల వయసులో మొదలు.

అదే రోజుల్లో అల్జీరియా వాళ్లు స్వాతంత్ర్యం కోసం ఫ్రాన్సుతో పోరాడుతున్నారు. ఫ్రెంచిలో కవిత్వం రాస్తున్న అద్నాన్‌కి ఆ భాష నోట్లో ముల్లులా అయిపోయింది. అరబ్బీలో రాద్దామంటే రాదు. ఇక రాయను, అరబ్బీలో బొమ్మలు వేస్తాను అనుకుంది. తర్వాత వియత్నాం యుద్ధం వచ్చింది. దానికి ఎదురుగా ఇంగ్లీషులో కవితలు రాసి అమెరికన్ కవి అయింది. ఒక భాష మీద అలిగితే ఇంకో భాష చేరదీసిందన్నమాట.

ఆమె బొమ్మలు వేసే తీరు వినండి. కాన్వాసుని స్టాండు మీద నిలబెట్టదు, రాసుకునే బల్ల మీద పడుకోబెట్టి వేస్తుంది. బ్రష్షు దాదాపు వాడదు. ట్యూబులోంచి రంగు తీసి పాలెట్ కత్తితో పరుస్తుంది. ఆ కత్తి చూస్తే మన అట్లకాడకి చిన్న చెల్లెలు. ఒక్క కూర్చోవడంలో బొమ్మ అయిపోవాలి. మొదట్లో వేసినవాటిలో చాలాచోట్ల ఒక ఎర్ర చతురస్రం ఉంటుంది, దానిచుట్టూ మిగతా రంగులు వచ్చి సర్దుకుంటాయి. దగ్గరికెళ్లి చూస్తే కత్తి ఆగిన చోట రంగు చిన్న గట్టు కట్టి ఉంటుంది, పెనం మీద పిండి అంచు కట్టినట్టు.

ఆ రాత్రి న్యూజెర్సీ నుంచి అమ్మకి వాట్సాప్‌లో ఫోటో పంపాను. అమ్మ వీడియోకాల్ చేసింది. "ఏం పాపా, ఇది నేను కుట్టిన బొంత మాదిరుందే. కొండ యాడుంది ఇందులో?" అంది. మా ఆయన పక్కనుంచి, "మన పాప కూడా వేస్తుంది ఇలాంటివి" అన్నాడు. ఆధునిక చిత్రకళ మీద ఈ మాట అనని మగవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. అమ్మ మాట మాత్రం మనసులో ఉండిపోయింది. పాత చీరలు చించి బొంత కుట్టేటప్పుడు అమ్మ ముక్కలన్నీ నేల మీద పరిచి, ఆవాలపచ్చ పక్కన వంకాయరంగు పెట్టి, కాసేపు చూసి, తీసి, మళ్లీ పెట్టేది. ఎందుకు మార్చావంటే చెప్పేది కాదు. "అది దానికి పడదు" అనేది. అద్నాన్ కూడా చిన్నప్పటి ఇంట్లోని పర్షియా తివాచీలని తలచుకుంటూ నేత కోసం బొమ్మలు గీసింది, వాటిని నేయించారు కూడా. నిజం చెప్పాలంటే ఆ నేతబట్టలు నాకు అంతగా ఎక్కలేదు. ఆ చిన్న కాన్వాసుల్లో ఉన్న తడి పెద్ద బట్టలో ఆరిపోయిందనిపించింది.

ఆమె గురించి ఎక్కడ చదివినా ఆనందం, ఆశ, వెలుగు అనే మాటలే. రంగులు చూస్తే ఎవరైనా అదే అంటారు. నాకు మాత్రం ఆ మాటలు అంత సులువుగా దిగలేదు. 1972లో ఆమె బేరూత్ తిరిగి వెళ్లి పత్రికల్లో సాంస్కృతిక పేజీలు చూసింది. శిల్పి సిమోన్ ఫత్తాల్ అక్కడే పరిచయమైంది, చివరిదాకా తోడుంది. 1975లో అంతర్యుద్ధం వచ్చింది. ఆ యుద్ధం మీద ఆమె రాసినవి కొన్ని పేజీలు చదివి నేను పుస్తకం మూసేశాను, ఆ రాత్రి నిద్రపట్టలేదు. మళ్లీ కాలిఫోర్నియా వచ్చి సాసలీటోలో ఇల్లు తీసుకున్నారు. కిటికీలోంచి టామల్‌పయస్ కొండ. పొద్దునా మాపూ ఆ కొండనే వేసింది, వందలసార్లు. నువ్వు కలిసినవాళ్లలో అందరికన్నా ముఖ్యమైన మనిషి ఎవరు అని టీవీవాళ్లు అడిగితే, ఒక కొండ అని చెప్పింది. చూసినదాన్ని రాస్తాను, నేనేమిటో దాన్ని వేస్తాను అని కూడా అంది. అంటే నలుపంతా కాగితంలోకి పోయింది, రంగులు గుడ్డ మీదికి వచ్చాయి. ఒకే ఇల్లు, ఒకే బల్ల.

రంగులంటే నారింజ రంగు సంగతి ఒకటి చెప్పాలి. 2020 సెప్టెంబరు 9న బే ఏరియాలో ఉన్న ఎవర్నడిగినా చెబుతారు. ఆ రోజు తెల్లారలేదు. అడవుల్లో కార్చిచ్చు, ఆ పొగ పొగమంచు మీద కప్పేసి, ఆకాశమంతా నారింజ రంగు. పొద్దున పదింటికి ఇంట్లో లైట్లు వేసుకున్నాం. వీధి దీపాలు ఆరలేదు. పక్కింటి ముసలాయన వాకిట్లో నిలబడి ఏమీ మాట్లాడకుండా పైకి చూస్తున్నాడు. నేను ఆదోనికి ఫోన్ చేసి ఏడ్చాను. కోవిడ్ వల్ల ఆ ఏడాది వెళ్లడానికి మామూలు విమానాల్లేవు. పాప మాత్రం డబ్బాలో నారింజ క్రేయాన్ వెతికి తీసుకుని, కిటికీ దగ్గర కూర్చుని కాగితం మొత్తం నింపింది. మధ్యలో ఊదా రంగు గూను ఒకటి పెట్టింది. అదేంటి అంటే "మౌంట్ టామ్" అంది. కనబడట్లేదు కదే అంటే, "అక్కడే ఉందిగా" అంది.

గుగ్గెన్‌హైమ్‌లో నారింజ ఆకాశం ఉన్న బొమ్మ ముందు నిలబడితే నాకు ఆ రోజు గుర్తొచ్చింది. పక్కన నిలబడ్డ ఒకావిడ "సో హ్యాపీ" అని గాఢంగా ఊపిరి పీల్చుకుంది. ఆవిడ చూసింది తప్పని అనను.

ప్రపంచం ఆమెని పట్టించుకున్నది చాలా ఆలస్యంగా. 2012లో జర్మనీలో కాసెల్ ఊళ్లో జరిగిన డాక్యుమెంటా ప్రదర్శనలో ఈ చిన్న బొమ్మలు చాలా పెట్టారు, అప్పటికి ఆమెకి ఎనభై ఏడేళ్లు. చివరి రోజుల్లో పారిస్‌లో ఉంది, విమానం ఎక్కే ఆరోగ్యం లేదు. కొండ తొమ్మిదివేల కిలోమీటర్ల అవతల. అయినా వేస్తూనే ఉంది, గుర్తున్నదాన్ని బట్టి.

ఇది తెలిశాక ఒక రాత్రి నేనూ ప్రయత్నించాను. ఆదోనిలో మా మిద్దె మీంచి రణమండల కొండ కనబడుతుంది. ఆంజనేయస్వామి గుడి, బండల మధ్య మెట్లు. ఇరవై ఏళ్లు రోజూ చూసిన కొండ. పెన్సిల్ పెట్టాను. పెద్ద బండ ఎడమ పక్కనా, కుడి పక్కనా? గుర్తురాలేదు. అమ్మకి ఫోన్ చేశాను. "ఏ మిద్దె మీంచి? మన మిద్దె మీంచా, మీ పెద్దమ్మోళ్ల మిద్దె మీంచా?" అంది. నిజమే కదా.

ఇక అసలు సంగతి, లెపొరెల్లోలు. గుగ్గెన్‌హైమ్‌లో అద్దాల పెట్టెల్లో చూశాను. జపాన్‌వాళ్లు చేసే మడతల పుస్తకం, హార్మోనియం తిత్తిలా ఉంటుంది. మూస్తే చేతిలో పట్టేంత, తెరిచి పరిస్తే గజాల పొడవు. అద్నాన్ 1960లలో వీటిని పట్టుకుంది. ఆధునిక అరబ్బీ కవుల కవితలని వీటిలో తన చేత్తో రాసి, వాక్యాల మధ్య నీటిరంగులు వేసింది. బద్ర్ షాకిర్ అల్-సయ్యాబ్ అనే ఇరాకీ కవి కవితనీ అలాగే రాసుకుంది. అరబ్బీలో అందంగా రాయడం అనేది తరాల విద్య, గురువు దగ్గర కూర్చుని ఏళ్లు సాధన చేయాలి. ఈమెది ఆ రాత కాదు. బడిపిల్ల రాతలా తడబడుతూ ఉంటుంది. రాస్తున్నదంతా ఆమెకి అర్థమయ్యేది కూడా కాదు. తండ్రి పెట్టించిన చూచిరాతే, ముప్పై ఏళ్ల తర్వాత. ఈసారి అక్షరాల పక్కన రంగులున్నాయి, ఎవరూ చెరపలేదు.

నేను ఆ అద్దం పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాను. నాకూ అరబ్బీ రాదు కాబట్టి వంపులే చూశాను. ఒక అక్షరం పొట్టలో నీలం, చుక్క మీద ఎరుపు. పాప నా చెయ్యి లాగి, "ఈమెకి వాళ్ల అమ్మ కోప్పడలేదా?" అంది. ఆరేళ్ల పిల్లకి జ్ఞాపకశక్తి ఎక్కువ ఉంటుంది. "వాళ్లమ్మకి అరబ్బీ రాదులే" అన్నాను. తప్పించుకునే జవాబే.

ఇంటికొచ్చాక ఆ 'ఠ' పేజీ తీసి చూశాను. రుద్దిన చోట పసుపు అలికినట్టయి, పన్నెండు సూర్యుళ్లూ మబ్బులో ఉన్నారు. పేజీ చింపలేదు, అతికించలేదు, అలాగే ఉంది. తెలుగు క్లాసు టీచరుకి సంగతంతా చెబితే ఆవిడ పెద్దగా నవ్వి, అక్షరం గుర్తుంది కదండీ, సూర్యుడు ఉంటే ఏం, అన్నారు. ఆవిడ ఏమనుకుంటారోనని కదూ నేను చెరిపింది.

ఇప్పుడు పాపకి తొమ్మిదేళ్లు దాటాయి. తెలుగు చదవడం వచ్చు, అర్థం సగమే వస్తుంది. వార్తాపత్రిక ఇస్తే గడగడా చదివి "వాట్ డజ్ ఇట్ మీన్?" అంటుంది. మునుపు ఈ మాటకి గుండెలో కలుక్కుమనేది. ఇప్పటికీ అంటుంది, కాకపోతే కాస్త తక్కువ. మొన్న సాన్ ఫ్రాన్సిస్కోలో జపాన్‌టౌన్‌కి వెళ్లినప్పుడు కాగితాల కొట్లో మడతల పుస్తకం కనబడితే కొన్నాను. ఆదోనికి పంపుదాం, అవ్వకి ఉత్తరం అన్నాను. ఏం రాయాలి అంది. అవ్వనే అడుగు అన్నాను. ఫోన్లో అమ్మ చెప్పింది, పాప రాసింది, నేను మధ్యలో దూరలేదు. అమ్మ ఉత్తరం చెబుతోందో, వంట చెబుతోందో కూడా చూసుకోలేదు. ఉగ్గానికి బొరుగులు ఎంతసేపు నానబెట్టాలో మొదలుపెట్టి, పెద్దమ్మ కోడలి మీదికి వెళ్లి, మళ్లీ పుట్నాలపొడి దగ్గరికి వచ్చింది. పాప అన్నీ రాసుకుంటూ పోయింది. 'బొరుగులు' దగ్గర ఆగి, అదేంటో అడగకుండానే 'బొ' పొట్టలో గులాబీ పూసింది. 'గు' కింద కొమ్ముని తోకలా సాగదీసి కొండదాకా తీసుకెళ్లింది. ఏ కొండో నాకు తెలియలేదు. బండలున్నాయి, పక్కన నీళ్లు కూడా ఉన్నాయి.

"ఇంగ రాయి," అంటోంది ఫోన్లో అమ్మ, "ఉల్లిగడ్డ సన్నంగా తరుక్కోవాల."

ఇంకా పదకొండు మడతలు ఖాళీగా ఉన్నాయి.